లీటరు బరువు

జూన్ 3, సోమవారం

ఇవాళ మొత్తం మీద మేమిద్దరం మాట్లాడుకున్నది ఇంతే.

"డెన్సిటీ ఎంతండీ?"

"ఒకటి పాయింట్ సున్నా మూడు ఎనిమిది."

"సరే."

'అండీ' అని నేనే తగిలించాను. కాలేజీలో ఒకే ల్యాబ్ బల్ల దగ్గర చేతులు కాల్చుకుంటూ చదివిన రోజుల నుంచీ మేం నువ్వంటే నువ్వు. పెళ్ళయ్యాకా అంతే. ఇప్పుడు ఫ్యాక్టరీలో కింద ట్యాంకుల దగ్గర ఈయనగారు, పై అంతస్తులో ల్యాబ్‌లో నేను, మధ్యలో ఇంటర్‌కమ్. ఉన్నట్టుండి మర్యాద ఇస్తే అతనికి ఎక్కడ గుచ్చుకుంటుందో నాకు బాగా తెలుసు. గుచ్చుకోవాలనే అన్నాను.

లెక్క చేసి స్లిప్పు పంపాను. వెనిగర్ ఘాటు సరుకు, బరువులో ముప్ఫై శాతం ఆమ్లం. నీళ్ళు కలిపి అయిదు శాతానికి దించి సీసాల్లో పోస్తారు.

జూన్ 4, మంగళవారం

అదే సంఖ్య. గొంతు బొంగురుగా ఉంది, జలుబు చేసినట్టుంది. అడగలేదు.

జూన్ 6, గురువారం

పొద్దున టీ తాగుతూ అత్తయ్య, "వాడు ఫ్యాక్టరీ యార్డు గదిలో ఎన్నాళ్ళు పడుకుంటాడే?" అంది.

"కొత్తాయనకి పని అప్పగించాలి కదా అత్తయ్యా. ఈ నెలంతా పనెక్కువ."

"నా మోకాళ్ళు పోయాయి గానీ కళ్ళు పోలేదమ్మాయ్" అని గ్లాసు కింద పెట్టింది.

ఆవిడకి తెలియనిదేముంది? రెండో యూనిట్ తెరుస్తున్నారు, ఇక్కడికి రాత్రంతా రైలు ప్రయాణం. అక్కడ ట్యాంకులన్నీ నిలబెట్టే పని రెండేళ్ళు ఇతనికిచ్చారు. ఇతను సంతకం పెట్టేసి ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, టవల్‌తో తుడుచుకుంటూ ఆ మాట చెప్పాడు. నన్నెందుకు అడగలేదంటే, "అడిగితే వద్దంటావని" అన్నాడు. వద్దంటానని తెలిసే పెట్టాడంటే ఇక నేను అనేదేముంది? "అయితే వెళ్ళు, నేనేం ఆపను" అన్నాను. మర్నాడే బ్యాగు సర్దుకుని యార్డు గదికి వెళ్ళిపోయాడు. తల్లిని మాత్రం నా దగ్గరే ఉంచాడు. ఆవిడ నాతోనే ఉంటానందట. కనీసం ఆవిడకైనా బుద్ధి ఉంది.

ఇరవై ఎనిమిది ఇక్కడ అతని ఆఖరి రోజు. ఆపను అన్నానంటే ఆపను.

మంచం మీద అతని వైపు ఉతికిన బట్టలు మడతపెట్టకుండా పడేసి ఉన్నాయి. తీరిక దొరకడం లేదు.

జూన్ 9, ఆదివారం

సెలవు. ఇంట్లో ఇంటర్‌కమ్ లేదు. సెల్‌ఫోన్‌లో అతని నంబరుంది, నొక్కితే మోగుతుంది. నొక్కడానికి ఒక కారణమంటూ ఉండాలి కదా.

జూన్ 11, మంగళవారం

మేనేజర్‌గారు మహా సంబరంగా ల్యాబ్‌కొచ్చి, "మేడమ్, మీ కష్టాలు తీరిపోయాయి" అన్నారు. డెన్సిటీ మీటరు ఆర్డరు చేశారట. ఒక సిరంజీతో సరుకెక్కిస్తే అదే సంఖ్య చూపిస్తుంది. "ఇక రోజూ ట్యాంకులవాళ్ళకి ఫోన్ చేసి బతిమాలక్కర్లేదు."

నేనెప్పుడు బతిమాలాను?

సాయంత్రం అత్తయ్య వంటింట్లో పీట వాల్చుకుని కూర్చుని, "రోజూ వాడితో మాట్లాడతావు కదా, ఏం మాట్లాడుకుంటారే?" అని తగులుకుంది. నంబరు అడుగుతానన్నాను. ఏం నంబరంది. చెప్పకపోతే వదిలే రకం కాదు.

"ఈ లీటరు గిన్నెలో పంచదార నీళ్ళున్నాయనుకోండి. అందులో పంచదార ఎన్ని గ్రాములుందో నేను కనిపెడతాను. కానీ సీసా మీద రాయాల్సింది గిన్నెకి ఇంత అని కాదు, బరువులో వందకి ఇంత అని. దానికి ఆ గిన్నెడు నీళ్ళ బరువెంతో తెలియాలి. అది మీవాడు సరుకులో హైడ్రోమీటరనే గాజు గొట్టం తేల్చి చూసి చెబుతాడు."

"లీటరంటే కిలోనే కదే?"

"ఉత్త నీళ్ళయితే కిలో. ఏదన్నా కలిస్తే మారుతుంది. మా సరుకు లీటరుకి కిలో మీద ముప్ఫై ఎనిమిది గ్రాములు ఎక్కువ తూగుతుంది."

"ఆ ముప్ఫై ఎనిమిది గ్రాముల కోసం మా వాడు కావాలన్నమాట."

"ఇక అక్కర్లేదు అత్తయ్యా. మీటరు వస్తోంది."

"మంచిదే" అంది అత్తయ్య. అని, కూరలో ఉప్పు సరిపోలేదని వంక పెట్టింది. ఉప్పు సరిపోయింది.

జూన్ 13, గురువారం

మీటరొచ్చింది. డబ్బా పెద్దదే గానీ లోపల వస్తువు ఇంతే ఉంటుందట. నేనింకా తెరవలేదు.

"ఎప్పట్నుంచి వాడతారు మేడమ్?" అన్నారు మేనేజర్‌గారు. క్యాలిబ్రేషన్ చెయ్యాలి, అది నిదానంగా చెయ్యాల్సిన పని అన్నాను. గాలి చూపించి, శుద్ధమైన నీళ్ళు చూపించి, రెండిటికీ సరైన సంఖ్య చెబుతోందా చూడటమే క్యాలిబ్రేషన్. టీ చల్లారేలోపు అయిపోతుంది. కానీ నాకు వేరే పనులున్నాయి.

జూన్ 14, శుక్రవారం

"డెన్సిటీ ఎంతండీ?"

"ఒకటి పాయింట్ సున్నా మూడు ఏడు." ఆగాడు. "మీటరొచ్చిందట."

"వచ్చింది."

"మంచిది."

తల్లీకొడుకులిద్దరికీ ఇదొక మాట దొరికింది. పెట్టేశాక కూడా రిసీవరు కాసేపు చెవి దగ్గరే ఉంచుకున్నాను. జలుబు తగ్గినట్టుంది.

జూన్ 17, సోమవారం

నేను మేనేజర్ గదిలో ఉన్నప్పుడు కొత్తమ్మాయి డబ్బా తెరిచేసింది. ట్రైనీగా చేరి ఇంకా నెల కాలేదు, చేతులు ఊరుకోవు. నేను వచ్చేసరికి మీటరు బల్ల మీద ఉంది, క్యాలిబ్రేషన్ కూడా అయిపోయింది.

"భలే ఈజీ మేడమ్! మాన్యువల్ చూసి చేసేశాను."

మెచ్చుకోక తప్పలేదు. లెక్క కూడా దానితోనే చేయించాను. ముందు టైట్రేషన్. బ్యూరెట్‌లోంచి చుక్కచుక్కగా క్షారం వదిలింది, ఫ్లాస్కులో లేత గులాబీ రంగు వచ్చి నిలిచింది. మొలారిటీ 5.19 తేలింది. అంటే లీటరులో అన్ని మోల్స్ ఆమ్లం. ఒక్కో మోల్ అరవై గ్రాములు చిల్లర. గుణిస్తే 311.7 గ్రాములు. దాన్ని లీటరు బరువుతో, 1038తో, భాగించి వందతో గుణిస్తే ముప్ఫై.

"డెన్సిటీ దాదాపు ఒకటే కదా మేడమ్, వదిలేస్తే ఏమవుతుంది?" అంది.

"వదిలేస్తే 31.2 వస్తుంది. సరుకు ఉన్నదానికంటే ఘాటుగా ఉందనుకుని కిందవాళ్ళు నీళ్ళెక్కువ పోస్తారు. సీసా మీద అయిదు, సీసాలో నాలుగు పాయింట్ ఎనిమిది. బ్యాచ్ మొత్తం వెనక్కొస్తుంది."

"అందుకేనా మీరు రోజూ సార్‌కి ఫోన్ చేసేది?"

"మరింకెందుకనుకున్నావు?" అని కసిరాను. గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టయింది. పాపం, ఆ పిల్ల మామూలుగానే అడిగింది.

జూన్ 18, మంగళవారం

ఇవాళ ఫోన్ చెయ్యలేదు. చెయ్యాల్సిన పని లేదు. మీటరు 1.036 చూపించింది. స్లిప్పులో మొలారిటీ, డెన్సిటీ, శాతం మూడూ రాసి పంపాను.

కాసేపటికి ఇంటర్‌కమ్ మోగింది. ఎత్తకుండా రెండు సార్లు మోగనిచ్చాను.

"ఇవాళ అడగలేదే?" అన్నాడు.

"మీటరుంది కదండీ."

"సున్నా మూడు ఆరు అని రాశావు. నా హైడ్రోమీటరు సున్నా మూడు ఎనిమిది అంటోంది. సరుకు వేడికి తగ్గ సవరణ కూడా వేశాను."

"కొత్త మీటరండీ. అబద్ధం చెప్పదు."

"ట్యూబులో గాలి బుడగ ఉంటే చెబుతుంది."

"మీ థర్మామీటరు ఓసారి చూసుకోండి."

"నువ్వు బుడగ చూసుకో."

ఈయన పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. ఈ తేడా వల్ల శాతం పిసరంత మారుతుంది, దానికి ఎవరి కొంపా మునగదు. అయినా అరగంట పోట్లాడుకున్నాం. కొత్తమ్మాయి మధ్యలో రెండుసార్లు వచ్చి వెళ్ళింది. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

(బుడగ ఉంది. చిన్నది.)

జూన్ 20, గురువారం

బుడగ లేకుండా జాగ్రత్తగా ఎక్కించాను. 1.038. ఇద్దరికీ ఒకటే వచ్చింది. అయినా ఫోన్ చేశాడు. చేశాక ఇద్దరికీ పోట్లాడటానికేమీ దొరకలేదు.

"సరిపోయింది" అన్నాడు.

"సరిపోయింది" అన్నాను.

'అండీ' అనలేదు నేను. అతను గమనించాడో లేదో. రేపు బుడగ ఉండనిస్తే ఏం పోతుంది అనిపించింది. ఛీ, నాకు మతి పోతోంది.

జూన్ 24, సోమవారం

ఇంటర్‌కమ్ మోగగానే ఎత్తాను. ఇంకెవరిదో గొంతు. "నమస్కారం మేడమ్! నేను కొత్త ఇన్‌చార్జిని. స్లిప్పు అందింది, డెన్సిటీ టాలీ అయింది. థాంక్యూ మేడమ్!"

ఇతనికి ఎంత వినయమో. నాకు అక్కర్లేని వినయం.

జూన్ 26, బుధవారం

మీటరు చక్కగా పనిచేస్తోంది.

జూన్ 27, గురువారం

రేపే ఆఖరు. ఎల్లుండి రైలు.

అలమరలో అతని పాత పని చొక్కా ఒకటి మిగిలిపోయింది. ఎన్నిసార్లు ఉతికినా వెనిగర్ వాసన వదలదు దానికి. పెళ్ళయిన కొత్తలో ముక్కు మూసుకునేదాన్ని. "నువ్వూ అదే వాసనొస్తావు, నీకు తెలియదంతే" అనేవాడు. ఇవాళ ఆ చొక్కా తలగడ మీద పరిచాను. ఎవరికి చెప్పాలి గనక, ఇక్కడ రాసుకుంటున్నాను. నాకతను కావాలి. పక్క గదిలో అతను దగ్గితే వినపడేంత దూరంలో కావాలి. రెండేళ్ళు కాదు, రెండు రోజులు కూడా నాకు వద్దు.

ఇది వెళ్ళి అతనితో చెప్పడానికి నాకు నోరు లేదు. నాలుగు వారాలుగా దశాంశాలు మాత్రం బాగా చెబుతున్నాను.

అత్తయ్య తలుపు దగ్గర నిలబడి, "నేను మాట్లాడనా వాడితో?" అంది.

"వద్దు."

"పంతాలకి పోయి బాగుపడినవాళ్ళు మా వంశంలో అయితే లేరమ్మాయ్. మీ వైపు ఉన్నారేమో" అని వెళ్ళి పడుకుంది.

జూన్ 28, శుక్రవారం

ఎలా జరిగిందో తెలియదు. 311.7 వచ్చింది. పదితో భాగించి 31.2 అని స్లిప్పు మీద రాసేశాను. డెన్సిటీతో భాగించలేదు. మీటరు కళ్ళెదుటే 1.038 అని మెరుస్తోంది. అయినా ఆ గడి ఖాళీగా వదిలేశాను.

కొత్తమ్మాయి స్లిప్పు చూసి, "మేడమ్, ఇది..." అంది.

"పట్టుకెళ్ళి ఇవ్వు" అన్నాను.

పొరపాటే. పని ఒత్తిడిలో ఎవరికైనా జరుగుతుంది. అతను చూడకుండా నీళ్ళ వాల్వు తిప్పనివ్వడని నాకు తెలుసు. తప్పు స్లిప్పు వస్తే పైకి రాకుండా ఉండడనీ తెలుసు. మెట్ల మీద చప్పుడు కోసం చూస్తూ కూర్చున్నాను. కాలుగాలిన పిల్లిలా రెండుసార్లు తలుపు దాకా వెళ్ళొచ్చాను.

రాలేదు. ఇంటర్‌కమ్ మోగింది.

"31.2 అని రాశావు. డెన్సిటీతో భాగించలేదు నువ్వు."

"అవునా?"

"సరిచేసి పంపు." పెట్టేశాడు.

అంతే. కాగితం పంపితే చాలు. కొత్తమ్మాయి చెయ్యి చాచి నిలబడింది. స్లిప్పు మీద ముప్ఫై అని రాసి, దాని చేతికివ్వకుండా నేనే దిగాను.

అతను మూడో ట్యాంకు పైన ఉన్నాడు. ఇనుప నిచ్చెన ఎక్కడం నాకు అలవాటు లేదు. ఎక్కేసరికి ఆయాసం, పైన వెనిగర్ ఆవిరి కళ్ళలో కొడుతోంది. అక్కడ ఎవరైనా ఏడుస్తున్నట్టే ఉంటారు, అది నాకు కలిసొచ్చింది. అతను హైడ్రోమీటరు చేత్తో పట్టుకుని నన్ను చూసి బిత్తరపోయాడు.

"కాగితం పంపితే సరిపోయేది కదా. నువ్వెందుకెక్కావు?"

"నువ్వు వెళ్ళడం నాకిష్టం లేదు" అన్నాను.

దారంతా ఏవేవో అనుకుంటూ వచ్చాను. తీరా వస్తే ఇదొక్కటే వచ్చింది.

హైడ్రోమీటరు నుంచి చుక్కలు అతని చెప్పుల మీద పడుతున్నాయి. "సంతకం పెట్టేశాను" అన్నాడు.

"తెలుసు."

"వాళ్ళు అక్కడ ఎదురుచూస్తున్నారు. రేపే రైలు. ఇప్పుడు ఆగిపొమ్మంటే..."

"ఆగిపొమ్మనడం లేదు. నువ్వు వెళ్ళొద్దని నాకుంది. అది తెలియకుండా నువ్వు రైలెక్కకూడదు. అందుకని వచ్చాను."

అతను హైడ్రోమీటరు తుడిచి పక్కన పెట్టాడు. తర్వాత, "నువ్వు 'వెళ్ళు' అన్నావు చూడు, అదే మోగుతోంది చెవుల్లో ఇన్నాళ్ళూ" అన్నాడు. "నేనున్నా లేకపోయినా నీకు తేడా లేదనుకున్నాను. మీటరు కూడా తెప్పించుకున్నావు."

"నేను తెప్పించుకోలేదు. వచ్చాక కూడా డబ్బాలోంచి తియ్యలేదు, ఆ పిల్ల తీసేదాకా."

నవ్వాడు. నవ్వుతూనే మొహం పక్కకి తిప్పుకున్నాడు. "అడగాల్సింది నిన్ను. వద్దంటావని భయపడ్డాను. వద్దంటే ఉండిపోతానని ఇంకా భయం."

"ఉండిపోయేవాడివా?"

"ఉండిపోయేవాణ్ణి. తర్వాత రోజూ నీ మీద విసుక్కునేవాణ్ణి."

అది నిజం. అతని సంగతి నాకు తెలియదా. నిజమైనంత మాత్రాన బాధ తగ్గదు.

కింద నుంచి కొత్త ఇన్‌చార్జి, "సార్! నీళ్ళు వదలమంటారా?" అని కేకేశాడు.

"ఆగండి!" అని ఇద్దరం ఒకేసారి అరిచాం. అప్పుడు స్లిప్పు చేతికిచ్చాను. చూశాడు. "కావాలని రాశావా ఆ 31?" అన్నాడు.

"పొరపాటు."

మళ్ళీ అడగలేదు. నిచ్చెన దిగేటప్పుడు నాకంటే ముందు తను దిగి, ప్రతి మెట్టుకీ నా పాదం చూసుకుంటూ దింపాడు.

జూన్ 29, శనివారం

నిన్న ఇంటికొచ్చాడు. ముగ్గురం కలిసి తిన్నాం. అత్తయ్య ఒక్క ప్రశ్న వెయ్యలేదు, కూరకి వంక కూడా పెట్టలేదు. మంచం మీది బట్టలన్నీ నేను మడతపెట్టాను.

స్టేషన్‌కి రమ్మంటే, "నా మోకాళ్ళతో నేనెక్కడ వస్తానురా, మీరిద్దరే వెళ్ళండి" అంది. పొద్దున వీధి చివరిదాకా నడిచొచ్చిన మోకాళ్ళవి. కొడుకు తల మీద చెయ్యి పెట్టి, నన్ను చూసి, "త్వరగా రా, ఒక్కదాన్నే ఉంటాను" అంది. మేం గేటు దాటకముందే తలుపేసుకుంది.

రైలు కదిలాక కూడా చెయ్యి ఊపుతూ నిలబడ్డాను. పక్కన టీ అమ్మేవాడు, "బండి ఎప్పుడో దాటిపోయిందమ్మా" అన్నాడు.

జూలై 2, మంగళవారం

నెలంతా యార్డు గదిలో ఉన్నాడు, అప్పుడూ ఇంట్లో లేడు. ఇప్పుడూ లేడు. రెండూ ఒకటే అనుకుంటానేమో అనుకున్నాను. అప్పుడు కోపం తోడుండేది. ఇప్పుడు తోడు ఏమీ లేదు, ఉత్తగా అతను లేడు. ల్యాబ్ కిటికీలోంచి మూడో ట్యాంకు కనిపిస్తుంది. చూడకూడదనుకుంటూనే చూస్తున్నాను.

అత్తయ్యా నేనూ భోజనానికి ఒకరికోసం ఒకరం కూర్చుని, ఇద్దరం సరిగా తినకుండా లేస్తున్నాం.

జూలై 7, ఆదివారం

వెళ్ళినవాడు చేరానని ఒక మెసేజ్ పెట్టాడు, ఆ తర్వాత పనిలో పడ్డాడు. ఇవాళ సాయంత్రం ఫోన్ చేశాడు.

"హలో" అన్నాడు. "హలో" అన్నాను. తర్వాత ఏం మాట్లాడాలో ఇద్దరికీ తోచలేదు. అక్కడ ట్యాంకులింకా నిలబడలేదు, సరుకు లేదు, అతను చెప్పడానికి సంఖ్య లేదు. నేను అడగడానికీ లేదు. ఫోన్‌లో అతని వెనక ఎక్కడో సుత్తి దెబ్బలు వినిపించాయి. అత్తయ్య చేతిలో పత్రిక తలకిందులుగా పట్టుకుని వింటోంది.

"తిన్నావా?" అన్నాడు చివరికి.

ఎవరడిగినా 'ఆ, తిన్నాను' అనెయ్యడం నాకు అలవాటు. నోటి దాకా వచ్చింది కూడా.

"లేదు" అన్నాను.

"ఎందుకని?"

లేచి వెళ్ళి కిటికీ దగ్గర నేల మీద కూర్చున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. అతను పెట్టెయ్యలేదు, ఎదురుచూస్తున్నాడు. చెప్పడం మొదలుపెట్టాను.